బిలాయతి చిలుకల గిన్నె

ఎల్లారెడ్డిలో నర్సవ్వ ఇంటికి మధ్యాహ్నం పూట వెళ్లి అన్నం తినకుండా బయటపడ్డ మనిషి లేడు. తాసీలు కచేరికి పని మీద వచ్చిన రైతులు, చప్రాసీలు, గంగిరెద్దులవాళ్లు, గాజుల మలారం మోసుకొచ్చే ఆడవాళ్లు, అందరూ ఆమె వసారాలో విస్తరి ముందు కూచున్నవాళ్లే. "ఇప్పుడే తినొచ్చిన అవ్వా" అని ఎవరైనా అబద్ధమాడితే ఆమెకు ఒళ్లు మండేది. ఆ మంటకు భయపడి ఒకే పూట రెండుసార్లు తిన్నవాళ్లు కూడా ఉన్నారు. భర్త గంగారాం నెమ్మదస్తుడు. పొలంలో పండిన దాంట్లో సగం ఆ వసారాలోనే అయిపోతోందని ఆయనకు తెలుసు. ఆ మాట పైకి అంటే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు కనక, చుట్ట ముట్టించుకుని ఊరుకునేవాడు.

నర్సవ్వ వడ్డనకు ఒక్కటే కట్టుబాటు. విస్తరిలో ఉన్నది అయిపోతేనే మారు వడ్డించేది. ముందు పెట్టింది అలాగే ఉంచి ఇంకోటి అడిగితే గరిటె వెనక్కి తీసుకునేది. అన్నానికి మర్యాద ఇవ్వనివాడికి తానెందుకు ఇవ్వాలని ఆమె వాదన. ఆ వాదనకు ఎదురు చెప్పిన మగాడు ఆ తాలూకాలో లేడు.

అలాంటి మనిషికి తిండి దగ్గరే తలవంపులు రాబోయాయి. అదీ మనుషుల వల్ల కాదు, పిడికిట్లో పట్టే రెండు పిట్టల వల్ల.

నిజాంసాగర్ కట్ట పూర్తయి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. ఆ ఎండాకాలంలోనే నర్సవ్వ కొడుకు రాజలింగుకు కామారెడ్డి గంజులో ధాన్యం వ్యాపారం చేసే ఇంటి పిల్ల విమలమ్మతో పెళ్లయింది. ఆషాఢానికి పుట్టింటికి వెళ్లిన కోడలిని శ్రావణంలో తీసుకురావడానికి నర్సవ్వ స్వయంగా కచ్చురం బండి కట్టించుకుని కామారెడ్డి వెళ్లింది. వియ్యపురాలు భూమక్క మర్యాదలకు ఏమీ తక్కువ చేయలేదు. బిడ్డను పీట మీద కూచోబెట్టి, ఒడిబియ్యం పోసి, కొబ్బరి కుడుకలు, పసుపుకొమ్ములు, రవికగుడ్డ పెట్టి, కళ్లొత్తుకుంది. అంతా అయ్యాక లోపలికి వెళ్లి ఒక ఇనుప తీగల పంజరం పట్టుకొచ్చి ఒడిబియ్యం మూట పక్కన పెట్టింది. అందులో ఒకటి ఆకుపచ్చది, ఒకటి పసుపుపచ్చది, రెండు చిన్న చిలుకలు. ఇప్పుడు అందరూ బడ్జీలంటున్నారే, అవే. అప్పుడు మాత్రం బిలాయతి చిలుకలనేవారు.

"మీ అన్న పట్నం పోయినప్పుడు ముచ్చటపడి రైల్ల తెచ్చిండు వదినా," అంది భూమక్క. "మా విమలకు పానం వీటి మీదనే. ఒడిబియ్యంతోని ఇవి గూడ తోలిస్తున్న."

"ఏం తింటయి?" అని అడిగింది నర్సవ్వ. ఎవరి గురించైనా ఆమె అడిగే మొదటి ప్రశ్న అదే.

"కొర్రలు. పెద్ద చిలుక లెక్క మిరపకాయలు, జాంపండ్లు ముట్టయట."

"కొర్రలేనా? మా గుమ్మి నిండ ఉన్నయి. మూడు నెలల్ల కోడిపుంజులంత చేస్త చూడు."

ఆ మాట వినగానే భూమక్క గట్టిగా ఊపిరి వదిలింది. బిడ్డను సాగనంపుతున్న తల్లి ముఖంలో ఆ తేలిక ఏమిటా అని నర్సవ్వకు ఒక్క క్షణం అనిపించింది. అంతలోనే భూమక్క గొంతు సవరించుకుని అసలు మాట అంది.

"బతుకమ్మకు నేనే వస్త, పిల్లను తోలుకపోనీకి. పిల్లను చూస్త, పిట్టలను చూస్త. నా మనసు నిమ్మలమైతెనే మల్ల ఎల్లారెడ్డికి తోలిస్త. కాదంటె దీపావళి దాకనో, సంవత్సరం దాకనో, నా ఇంట్లనే ఉంచుకుంట. ముందుగాలనే చెప్తున్న వదినా, ఏమనుకోకు."

నర్సవ్వ ఏమీ అనుకోలేదని చెప్పింది. కచ్చురంలో దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

ఎల్లారెడ్డిలో పిట్టలను చూడటానికి వాడంతా కదిలొచ్చింది. వచ్చినవాళ్లు ఊరికే చూసి పోతారా? ఒకామె తీగల సందులోంచి అటుకులు పెట్టింది, ఒకామె బెల్లం ముక్క గుచ్చింది, కచేరి చప్రాసీ ఒకడు తన నోట్లోని తమలపాకులో సగం తుంచి ఇవ్వబోయాడు. నర్సవ్వకు ఇదంతా సంబరంగానే ఉంది. పిట్టలు తన కళ్ల ముందుండాలని పంజరాన్ని వంటింటి గడప పైనే, పొయ్యికి ఎదురుగా వేలాడదీసింది. చిన్న ఇత్తడి గిన్నె నిండా కొర్రలు పోసి పంజరంలో పెట్టింది.

మర్నాడు చూస్తే గిన్నె నిండుగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. పిట్టలేమో గిన్నెలో తలలు పెట్టి పొద్దంతా టకటకమని కెలుకుతూనే ఉన్నాయి. కింద నేల మీద దుమ్ము రాలుతోంది. గిన్నెలో మట్టం మాత్రం తగ్గదు. మొదట్లో విమలమ్మ అప్పుడప్పుడు పిడికెడు కొత్త గింజలు పైన చల్లేది. ఒకరోజు నర్సవ్వ అది చూసి ఆపేసింది.

"గిన్నె నిండ ఉన్నయి గద బిడ్డా. ఉన్నవి ముట్టకుండ కొత్తవి ఎట్ల ఏస్తం? అవి అయిపోనీ, అప్పుడు ఏద్దాం. కామారెడ్డి గంజుల రుచి మరిగిన నోర్లు. మా ఎల్లారెడ్డి కొర్రలు సయిస్తలేవు వీటికి."

పిట్టలనే అంది పాపం. కానీ కామారెడ్డి నుంచి వచ్చిన మనిషి కూడా ఎదురుగానే నిలబడి ఉంది కదా. విమలమ్మ తలదించుకుని "సరె అత్తమ్మ" అంది. ఆ పిల్ల దేనికైనా అంతే అనేది. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, విసుర్రాయి తిప్పుతూ సన్నగా పాట పాడుకునేది. సాయంత్రం అడగకుండానే వచ్చి అత్త తలలో చిక్కు తీసేది. ఆడపిల్ల లేని నర్సవ్వకు ఆ రెండు చేతులు తలకు తగులుతుంటే ప్రాణం లేచొచ్చేది. పైకి మాత్రం "మెల్లగ గుంజు, ఎంట్రుకలు ఊడుతయి" అని కసిరేది.

మధ్యాహ్నం వచ్చినవాళ్లు తిన్నాక, మగవాళ్లు తిన్నాక, నర్సవ్వ తిన్నాక, ఆఖరున విమలమ్మ వంటింట్లో ఒక్కతే కూచుని తినేది. కొత్త కోడలు ఆఖరున తినడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. నర్సవ్వ వసారాలో ఆకు వక్క నములుతూ అక్కడి నుంచే అడిగేది.

"గిన్నెల ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది అత్తమ్మ."

ఆ మాట వినగానే నర్సవ్వకు నిశ్చింతగా కునుకు పట్టేది.

పిట్టల విషయంలోనే నిశ్చింత లేదు. గిన్నె నిండుగా ఉన్నా అవి చిక్కిపోతున్నాయి. కొర్రలు నచ్చకపోతే ఇంకేదైనా నచ్చుతుందని నర్సవ్వ నెయ్యి కలిపిన అన్నం పెట్టింది. పెరుగన్నం పెట్టింది. సకినం పొడి చేసి పెట్టింది. ఆకుపచ్చది కొంచెం ముట్టి రెట్ట నీళ్లనీళ్లగా వేసింది. పసుపుపచ్చది అసలు ముట్టలేదు. విమలమ్మ మాత్రం పశువుల కొట్టం పక్కన మొలిచిన గడ్డి వెన్నులు కోసుకొచ్చి, ఎవరూ చూడనప్పుడు పంజరం తీగలకు గుచ్చేది. అవి నిమిషంలో మాయమయ్యేవి. నర్సవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇంట్లో వంద రకాలు వండి పెడుతుంటే గడ్డికి ఎగబడే పిట్టల మీద ఆమెకు మరింత కోపం వచ్చింది.

బతుకమ్మ దగ్గరపడింది. కామారెడ్డి నుంచి కచేరి పని మీద వచ్చిన ఒకాయన విస్తరి ముందు కూచుంటూ కబురు చెప్పాడు. ఇంకో నాలుగు రోజుల్లో భూమక్క బండి వస్తుందట. నర్సవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయనకు పప్పు వడ్డించడం మరిచిపోయింది. ఆమె అలా మరిచిపోవడం ఎవరూ ఎరగరు.

ఆ మర్నాడు పొద్దున్నే పసుపుపచ్చ పిట్ట పంజరంలోని పుల్ల మీద నుంచి దిగి, పంజరం అడుగున ఒక మూల ఈకలన్నీ ఉబ్బించుకుని బంతిలా కూచుంది. కళ్లు మూసుకుపోతున్నాయి. తోక ఊపిరితో పాటు పైకీ కిందికీ ఊగుతోంది. కోళ్లను పెంచిన నర్సవ్వకు ఆ వాలకం ఏమిటో తెలుసు. అలా కూచున్న కోడి మళ్లీ లేవడం అరుదు.

ముందుగా తట్టింది దిష్టి. వాడంతా వచ్చి కళ్లప్పగించి చూసిందాయె. ఎండుమిరపకాయలు, ఉప్పు తీసుకుని పంజరం చుట్టూ తిప్పి, ఎదురుగానే ఉన్న పొయ్యిలో పడేసింది. మిరప ఘాటు గుప్పున లేచింది. రెండు పిట్టలూ చిన్నచిన్నగా తుమ్మాయి. వసారాలో ఉన్న గంగారాం కళ్లనీళ్లు పెట్టుకుని దగ్గుతూ లోపలికి తొంగిచూశాడు.

"ఏందే, దిష్టి పిట్టలకు తీస్తున్నవా, నాకు తీస్తున్నవా?"

"మీకు దిష్టి తగిలేటంత అందం ఏడున్నది? పోయి కూసోండ్రి," అంది నర్సవ్వ. కానీ ఆ మాటలో ఎప్పటి జోరు లేదు.

ఆమె పీట వాల్చుకుని పంజరం ఎదురుగా కూచుంది. భూమక్క కామారెడ్డి గంజు నడిబొడ్డున నిలబడి ఏమంటుందో చెవుల్లో వినపడుతూనే ఉంది. పిడికెడు పిట్టకు తిండి పెట్టలేని ఇల్లు, నా బిడ్డకేం పెడతదీ అంటుంది. అనకుండా ఉంటుందా? తానైతే అనేది. పరువు పోతే పోయింది, నాలుగు రోజులు చెప్పుకుని మరిచిపోతారు. విమలను పంపకపోతే? ఇల్లంతా మళ్లీ మునుపటిలా అయిపోతుంది. వచ్చేవాళ్లు, తినేవాళ్లు, పోయేవాళ్లు. తన తల దువ్వేవాళ్లు ఒక్కరుండరు. అలా తలచుకుంటే నర్సవ్వకు ఏడుపొచ్చింది. ఆమెకు ఏడుపొస్తే అది ఎక్కువసేపు ఏడుపుగా ఉండదు, కోపంగా మారుతుంది.

"తినకుంటే పోండ్రి," అంటూ లేచి పంజరంలో చెయ్యి పెట్టి గిన్నె బయటికి లాగింది. "మీరు తినకుంటే నా కోళ్లు తింటయి. ఒడిబియ్యంతోని వచ్చినమని పొగరు."

కోళ్లకైనా సరే, దుమ్ము కలిసిన గింజ వేయడం ఆమె చేత కాదు. చాట తీసుకుని పెరట్లోకి వెళ్లి, గిన్నెను చాటలో బోర్లించింది. గాలికి వీపు పెట్టి నిలబడి, ఎప్పటిలాగే ఒక్కసారి పైకి ఎగరేసి పట్టింది.

చాటలోకి ఏమీ దిగలేదు.

గిన్నెడు కొర్రలూ గాల్లోనే తేలుతూ గోడ దాటి పక్కింటి మిరప మొక్కల మీదికి వెళ్లిపోయాయి. నర్సవ్వ ఖాళీ చాట పట్టుకుని అలాగే నిలబడింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ పెరట్లో చెరుగుతూనే ఉంది. గింజ బరువు చేతికి తెలుస్తుంది. బరువున్నది చాటలో దిగుతుంది, లేనిది గాలికి పోతుంది. ఆమె చాటను దగ్గరికి తెచ్చుకుని చూసింది. అంచుకు కాస్త పొట్టు అంటుకుని ఉంది. ఒకటి గోటితో తీసి అరచేతిలో పెట్టుకుంది. చూడటానికి కొర్రగింజే. గుండ్రంగా, పసుపుగా, నున్నగా. నొక్కితే మెత్తగా అణిగిపోయింది. లోపల ఏమీ లేదు.

పిట్టలు తింటూనే ఉన్నాయి. ఒక్కో గింజను ముక్కుతో ఒలిచి లోపలిది తిని, పైతొక్క మళ్లీ గిన్నెలోనే వదులుతున్నాయి. ఆ తొక్కే గిన్నె నిండా కనపడుతోంది. ఉన్నవి తింటే కదా కొత్తవి వేసేదని తాను అన్న రోజు నుంచి ఆ గిన్నెలో ఉన్నది పొట్టే.

"విమలా," అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది.

విమలమ్మ పరుగెత్తుకొచ్చింది. అత్త చాట పట్టుకుని కన్నీళ్లు కారుస్తుంటే చూసి, పిట్ట చచ్చిపోయిందనే అనుకుని తానూ ఏడవడం మొదలుపెట్టింది.

"పొట్టు పెట్టిన బిడ్డా," అంది నర్సవ్వ. "నా ఇంటికి వచ్చిన పానానికి పొట్టు పెట్టిన. పైకెల్లి పొగరని తిట్టిన. నువ్వు కొత్తయి ఏస్తనంటె ఒద్దన్న. ఈ చేతులు ఇరిగిపోను."

"నాకు గూడ తెల్వలే అత్తమ్మ. గిన్నె నిండనే ఉండె గద."

గిన్నె నిండనే ఉండె. ఆ మాట నర్సవ్వ చెవిలో ఎక్కడో గుచ్చుకుంది. కానీ అప్పుడు ఆగి ఆలోచించే తీరిక లేదు. గుమ్మిలో చెయ్యి పెట్టి దోసెడు కొర్రలు తీసి వాసన చూసింది. వానల ముసురుకు ముక్కిన వాసన వేస్తున్నాయి. ఇన్నాళ్లూ అవే పెట్టిందా? వాటిని అక్కడే పారబోసి, నిచ్చెన వేయించుకుని, వాసానికి కట్టి ఉన్న కొర్ర కంకుల కట్ట దింపించింది. అవి ఎండి గలగలమంటున్నాయి.

"గవి ఇత్తనాలకు పెట్టిన," అన్నాడు గంగారాం నిచ్చెన మీద నుంచే.

"ఇత్తనం మల్ల దొరుకుతది. దింపుండ్రి."

ఒక కంకి పంజరం అడుగున, పసుపుపచ్చ పిట్ట ముక్కుకు అందేటట్టు పెట్టారు. అది కళ్లు తెరవలేదు. ఆకుపచ్చది మాత్రం దూకి వచ్చి కంకి మీద పడింది. ఆ టకటక చప్పుడుకు పసుపుపచ్చది ఒక కన్ను తెరిచింది. మెడ చాచి ఒక గింజ లాగింది. దాన్ని నోట్లో అటూ ఇటూ తిప్పి, పొట్టు ఊసి, ఇంకోటి లాగింది. ఆ తర్వాత తల ఎత్తలేదు. అత్తాకోడళ్లు ఇద్దరూ నేల మీదే చతికిలబడి దాన్ని చూస్తూ ఉండిపోయారు. అది మింగిన ప్రతి గింజకూ నర్సవ్వ గుటక వేసింది.

ఆ పొద్దే పంజరం పొయ్యి ఎదుటి నుంచి కదిలింది. పొగ తగలని చోట, పొద్దుటి ఎండ పడేటట్టు వసారా చూరుకు ఎక్కింది. అడుగు కడిగారు, నీళ్ల గిన్నె తోమారు, రెట్టలంటిన పాత పుల్ల తీసేసి పచ్చి వేపపుల్ల కట్టారు. ఇవేవీ నర్సవ్వకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కోళ్లగూటికి, పశువుల కొట్టానికి ఎప్పుడూ చేసే పనే. పిట్టలను చుట్టాలనుకుని ఇన్నాళ్లూ చేయలేదు, అంతే.

మధ్యాహ్నం మామూలుగానే గడిచింది. కచేరికి వచ్చినవాళ్లు తిని వెళ్లారు. మగవాళ్లు తిన్నారు. నర్సవ్వ తిని, వసారాలో ఆకు వక్క సర్దుకుంటూ అలవాటుగా అడిగింది.

"గిన్నెల ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది అత్తమ్మ."

నర్సవ్వ నోట్లో పెట్టుకోబోయిన ఆకు చేతిలోనే ఉండిపోయింది. పొద్దున గుచ్చుకున్న మాట మళ్లీ గుచ్చుకుంది. లేచి చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్లింది. విమలమ్మ అన్నం గిన్నెను ఒళ్లోకి వంచుకుని అడుగు గీకుతోంది. కంచంలో ఉన్నది మాడు చెక్క, దాని మీద పోసుకున్న గంజి, ఒక ఉల్లిగడ్డ ముక్క. నర్సవ్వ పప్పు గిన్నె మూత తీసింది. గోడలకు అంటుకున్నదే తప్ప అందులో ఏమీ లేదు. కూర గిన్నె మూత తీసింది. అదీ అంతే.

"ఇదేనా ఉన్నది?"

"ఉన్నది గద అత్తమ్మ," అంది విమలమ్మ నవ్వబోతూ. "నాకు సాలు."

"రోజు గింతేనా?"

విమలమ్మ గంజి కలుపుతూ తల వంచుకుంది. తాను ఈ ఇంటికి కొత్త కోడలిగా వచ్చిన ఏడు ఇదే మూల, ఇదే మాడు గీక్కుని తిన్నది నర్సవ్వకు అప్పుడు గుర్తొచ్చింది. అప్పటి అత్త కూడా వసారాలోంచే అడిగేది. తానూ ఉన్నది అనే చెప్పేది. అది ఎలా మరిచిపోయిందో ఆమెకే అర్థం కాలేదు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. కంచం లాక్కుని గంజి తీసుకెళ్లి కుడితిలో పారబోసి, పొయ్యి మళ్లీ ముట్టించింది. ఆ మిట్టమధ్యాహ్నం నర్సవ్వ ఒక్క మనిషి కోసం అన్నం వండింది, పప్పు వండింది, వంకాయ వేయించింది. కోడలి ఎదురుగా కూచుని గరిటె పట్టుకుని వడ్డించింది. విమలమ్మ సాలు అన్నప్పుడల్లా వేసింది. కంచం ఖాళీ అయితేనే మారు వడ్డించే కట్టుబాటు ఆ పూట గుర్తే రాలేదు.

"రేపటి సంది నా పక్కన కూసొని తినాలె," అంది. "ఇగ నువ్వు ఉన్నది అంటె నేను నమ్మ. నా కండ్లతోని చూస్త."

విమలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని తల ఊపింది. కళ్లు తుడుచుకోవడానికి ఎడమచెయ్యి వాడింది.

మర్నాటి నుంచి ఆ వసారాలో కొత్త చట్టాలు వచ్చాయి. పిట్టల దగ్గర చుట్ట కాల్చకూడదు. గంగారాం చుట్ట పట్టుకుని పశువుల కొట్టంలోకి వెళ్లాడు. పంజరంలో ఎవరూ ఏమీ పెట్టకూడదు. అలవాటుగా బెల్లం ముక్క తెచ్చిన పక్కింటి శాంతవ్వను నర్సవ్వ గుమ్మంలోనే ఆపేసింది. "అది నువ్వే తిను, మంచిగ కొవ్వెక్కుతవు," అని ఆమె నోట్లోనే పెట్టింది. పొద్దున లేస్తూనే గిన్నె బయటికి తీసి ఉఫ్ మని ఊది, పొట్టు పోయాక మిగిలింది చూసి, ఎండలో పోసి ఉంచిన గింజలు మళ్లీ నింపేది. పసుపుపచ్చ పిట్ట ఈకలు దించుకుని పుల్ల మీదికి ఎక్కింది. ఇంకా బక్కగానే ఉంది, అరుపు కూడా రాలేదు. ఆ పూటే భూమక్క బండి గంటల చప్పుడు వినపడింది.

నర్సవ్వ చీర సర్దుకుని, తల దువ్వుకుని, మనసులో ఏ మాట ముందు చెప్పాలో కూర్చుకుంది. తప్పు తనదే అని చెప్పేస్తుంది. పిల్లను మాత్రం పంపమని అడుగుతుంది. ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి, అడగడం ఎలాగో నోట్లోనే రెండుసార్లు చెప్పి చూసుకుంది.

భూమక్క బండి దిగి, కాళ్లకు నీళ్లిస్తే కడుక్కోలేదు, కూతుర్ని కూడా సరిగా పలకరించలేదు. తిన్నగా పంజరం దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూసింది. రెండు పిట్టలూ కనపడగానే పంజరం తీగలు రెండు చేతులా పట్టుకుంది. తర్వాత గిన్నె వైపు చూసింది. పొద్దుటి నుంచి పిట్టలు తింటూనే ఉన్నాయి కనక గిన్నె నిండుగానే కనపడుతోంది. ఆమె ముఖం వాడిపోయింది.

"ఈడ గూడ తింటలేవా వదినా," అంది.

నర్సవ్వ కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. "ఈడ గూడ అంటె?"

భూమక్క పీట మీద కూలబడింది. "నీకు అబద్ధం చెప్పిన. ముచ్చటకు పంపలే. మా ఇంట్ల గిన్నె నిండ పోసినా ముట్టకపోతుండె, చిక్కిపోతుండె. ఇంట్ల గింజల వ్యాపారం పెట్టుకొని పిట్టను ఆకలికి సంపినమంటరని రందితోని నిద్ర పట్టకపోయేది. ఎల్లారెడ్డి నర్సవ్వ చేతి తిండి తిన్నోళ్లు ఎవ్వరు చెడిపోలేదని ఊరంత అంటరు. నీ చేతిల పడితె బతుకుతయని తోలిచ్చిన. చూస్త, చూస్త అని నిన్ను బెదిరిచ్చింది గూడ గందుకే, నువ్వు పైలంగ చూసుకుంటవని."

ఇన్నాళ్లు తాను భయపడ్డ మనిషి తనకే భయపడుతూ కూచుందని తెలిసి నర్సవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకొకరైతే ఆ క్షణాన ఒక్క మాటతో పైచేయి సాధించేవారు. నర్సవ్వకూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, దాచడం ఎందుకు. దాన్ని మింగేసి, గిన్నె బయటికి తీసి, భూమక్క ముఖం ముందు పెట్టి ఉఫ్ మని ఊదింది. పొట్టంతా లేచి వియ్యపురాలి కొప్పు మీద, బొట్టు మీద, కొత్త పట్టుచీర మీద పడింది. గిన్నె అడుగున కాసిని గింజలు మిగిలాయి.

"తింటున్నయి వదినా. మనమే పొట్టును చూసి గింజలనుకున్నం. నేను గూడ గట్లనే వాటి కడుపు మాడ్చిన, నీ కంటె ఎక్కువ."

భూమక్క గిన్నెలోకి చూసింది, తన చీర మీది పొట్టు వేళ్లతో తీసి నొక్కి చూసింది. అర్థమయ్యాక ముందు చిన్నగా మొదలుపెట్టి, తర్వాత ఆపుకోలేనట్టు నవ్వింది. నర్సవ్వ కూడా నవ్వింది. ఇద్దరి నవ్వుకు బెదిరి పసుపుపచ్చ పిట్ట ఇన్నాళ్లకు గొంతెత్తి అరిచింది.

భోజనాల వేళకు నర్సవ్వ వియ్యపురాలికి పీట వేసింది, తనకు వేసుకుంది, రెండింటి నడుమ మూడోది వేసి కోడలిని చెయ్యి పట్టి కూచోబెట్టింది. విమలమ్మ బిడియం లేకుండా రెండోసారి అన్నం అడిగింది. భూమక్క తినడం ఆపి కూతుర్ని చూసింది. కొత్త కోడలు అత్త పక్కన కూచుని, అత్త కంటే ముందు, అడిగి పెట్టించుకుని తినడం ఆమె తన పుట్టింట్లో చూడలేదు, మెట్టినింట్లో చూడలేదు. నర్సవ్వ అడగకుండానే ఒక మాట అంది.

"సద్దుల బతుకమ్మ అయిన తెల్లారే తోలిస్త వదినా. ఒక్క దినం గూడ ఉంచుకోను."

నర్సవ్వ అడగాలనుకున్నది అదే. వియ్యపురాలి విస్తరిలో ఇంకా సగం ఉండగానే ఇంకో గరిటెడు పప్పు వేసింది.

మర్నాడు పొద్దున కామారెడ్డికి కచ్చురం సిద్ధమైంది. తల్లీకూతుళ్లు ఎక్కి కూచున్నారు. విమలమ్మ తెర తొలగించి పిట్టల వైపు చూసి, "గిన్నె ఊదిన్రా అత్తమ్మ?" అని అడిగింది.

"పొద్దుగాలనే ఊదిన. నీ సద్ది గిన్నె పెట్టుకున్నవా? అండ్ల అన్నం ఉన్నదా?"

"ఉన్నది అత్తమ్మ."

ఎడ్లు అడుగు వేయబోతుంటే నర్సవ్వ బండివాడిని ఆగమంది. లోపలికి వంగి సద్ది గిన్నె మూత తీసి, అడుగుదాకా వేళ్లు పోనిచ్చి చూసుకుని, మళ్లీ మూత పెట్టింది. అప్పుడు, పోనీ, అంది.